వెనక నుంచి పిలిచే అమ్మాయి

ఆ అమ్మాయి మా ఇంటికి ఏప్రిల్ చివర్లో వచ్చింది. మా ఆయన అంతకుముందు అక్టోబరులో పోయారు. ఈ రెండింటికీ సంబంధం లేదని తెలుసు. అయినా ఒకటి చెప్పబోతే రెండోది వచ్చి పక్కన నిలబడుతుంది. అందుకని ముందు ఆయన సంగతి చెప్పేస్తాను.

అమెరికాలో మేముండే ఊరు హెర్న్‌డన్‌లో మా ఇళ్ల వరస వెనక పాత రైలు దారి ఒకటుంది. పట్టాలు ఎప్పుడో తీసేసి, తారు పోసి, నడిచేవాళ్లకూ సైకిళ్లకూ వదిలేశారు. ఒక ఆదివారం పొద్దున ఆయన నడకకు వెళ్లి, ఆ దారి పక్కన బెంచీ మీద కూర్చుని, మళ్లీ లేవలేదు. నేను నిద్రలో ఉన్నాను. తలుపు వేసిన చప్పుడు కూడా వినలేదు.

కబురు తెలిశాక హైదరాబాదు నుంచి మా వదిన, అంటే ఆయన అక్కగారు, ఫోన్ చేసి చాలాసేపు ఏడ్చింది. ఏడుపు ఆగాక గొంతు తగ్గించి అడిగింది.

"అమ్మాయ్, వాడు గడప దాటేటప్పుడు ఎవరన్నా వెనక నుంచి పిలిచారా?"

"లేదు వదినా. ఇంట్లో నేనొక్కదాన్నే. పడుకుని ఉన్నాను."

"పోన్లే," అంది. ఆమెకు అదొక ఊరట.

బయల్దేరే మనిషిని వెనక నుంచి పిలవకూడదన్నది మా ఇళ్లలో ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. అదే వస్తుంది. పిలిస్తే ఆ మనిషి వెనక్కి వచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ బయల్దేరాలి. నేను ఇవన్నీ నమ్మను. కానీ ఫోన్ పెట్టేశాక ఒక్కటే ఆలోచించాను: ఎవరైనా పిలిచి ఉంటే ఆయన వెనక్కి వచ్చి కూర్చునేవారు.

నేను లైబ్రరీలో పనిచేస్తాను. నాతో పనిచేసే ఆవిడ కూతురు సాకర్, అంటే ఫుట్‌బాల్, ఆడుతుంది. ఆవిడే నన్ను అడిగింది. మా ప్రాంతంలో కొత్తగా ఒక మహిళల జట్టు పెట్టారు. ట్రయల్‌కి పిలిచిన అమ్మాయిలకు అద్దెలు కట్టేంత స్తోమత అలాంటి జట్లకు ఉండదు. ఊళ్లోవాళ్లే ఎవరో ఒకరు గది ఇస్తారు. హోస్ట్ ఫ్యామిలీ అంటారు. ఇక్కడ అది మామూలే. వచ్చే అమ్మాయి కెనడా పిల్ల, డిఫెండర్, పైగా మీ భాషే మాట్లాడుతుంది, మీ బేస్‌మెంట్ ఖాళీగానే ఉంది కదా అంది.

నేను ఒప్పుకున్నది దయతో కాదు. ఆయన పోయాక ఇంట్లో చప్పుళ్లు ఎక్కువయ్యాయి. చెక్క ఇళ్లు చల్లబడేటప్పుడూ వేడెక్కేటప్పుడూ మూలుగుతాయి. గోడల్లో గాలి గొట్టాలు టక్కుమంటాయి. అవి మొదటి నుంచీ ఉండే ఉంటాయి, నాకు ఇప్పుడే వినిపిస్తున్నాయి. ఇంకో మనిషి ఉంటే ప్రతి చప్పుడూ ఆ మనిషిదే అనుకోవచ్చు. అందుకే ఒప్పుకున్నాను.

ఆ అమ్మాయి రెండు పెద్ద బ్యాగులతో, ఒక రైస్ కుక్కర్‌తో దిగింది.

"కుక్కర్ మా అమ్మ పెట్టింది ఆంటీ. ఆంటీ వాళ్లింట్లో ఉంటుందమ్మా అంటే వినలేదు. మీది చిన్నది అయితే ఎలా అంటుంది." అంది.

పొడుగ్గా, బలంగా ఉంది. జుట్టు బిగించి కట్టుకుంది. పుట్టింది, పెరిగింది బ్రాంప్టన్‌లో. అమెరికాలో యూనివర్సిటీ జట్టుకు ఆడి, చదువు పూర్తిచేసి నేరుగా ఇక్కడికి వచ్చింది. తెలుగు చక్కగా అర్థమవుతుంది. మాట్లాడేటప్పుడు మాటల చివర్లు కొన్ని రాలిపోతాయి. మొదటి రోజు భోజనం దగ్గరే తన పరిస్థితి చెప్పేసింది.

"సెప్టెంబర్ వరకు ట్రయల్ ఆంటీ. అప్పటికి కాంట్రాక్ట్ ఇస్తే ఉంటా. ఇవ్వకపోతే నా ఓపీటీ, అదే చదువయ్యాక ఇక్కడ పని చేసుకోమని ఇచ్చే పర్మిట్, అది కూడా అయిపోతుంది, ఇంటికి వెళ్లిపోవాలి. నాన్న ఆల్రెడీ బ్యాంక్‌లో జాబ్ చూసి పెట్టేశారు."

"బ్యాంకు మంచిదేగా."

"మంచిదే. నేను చచ్చిపోతా," అని వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "సారీ ఆంటీ."

"పర్లేదు. తిను."

తిన్నది. ఆ పిల్ల తిండి చూడటం నాకు ఆ వేసవిలో దొరికిన సుఖాల్లో ఒకటి. పెసరట్లు వేస్తుంటే పక్కన నిలబడి "దీంట్లో ప్రోటీన్ ఎంత ఉంటుంది ఆంటీ?" అని అడిగేది. "నీకు సరిపోయేంత ఉండదు" అనేదాన్ని.

ఒక్కటి మాత్రం మొదటి వారంలోనే గమనించాను. సింకు దగ్గర కంచం కడుగుతూ కడుగుతూ తల తిప్పి భుజం మీదుగా వెనక్కి చూసేది. ఒక్క క్షణం. మళ్లీ కంచం. మళ్లీ వెనక్కి. ఆమె చూసే వైపు భోజనాల బల్ల, దాని చివర కుర్చీ తప్ప ఏమీ లేవు. నేనూ చూసేదాన్ని.

"ఏంటమ్మా అక్కడ?"

"ఏం లేదు ఆంటీ. అలవాటు. మ్యాచ్‌లో బాల్ రాకముందే వెనక ఎవరున్నారో చూసుకోవాలి. చూసి చూసి ఇలా అయిపోయింది. క్లాస్‌లో కూడా చూసేదాన్ని, ప్రొఫెసర్ కాపీ కొడుతున్నా అనుకునేవాడు."

సమాధానం సరిపోయింది. ఆ కుర్చీ ఆయనది అని నేను చెప్పలేదు.

మే నెలలో షాంటిలీలో ఒక స్కూలు మైదానంలో జరిగిన మ్యాచ్‌కి నన్ను తీసుకెళ్లింది. నాకు ఆట తెలియదు. గోల్‌కీపర్ ముందు, మధ్యలో నిలబడే డిఫెండర్ తను. మిగతా జట్టంతా ఆమె ముందు ఉంటుంది. వాళ్లకు వెనక ఏం జరుగుతోందో ఆమెకే కనిపిస్తుంది. ఇంతవరకు నాకు అర్థమైంది.

ఆమె బాగా ఆడింది. అవతలివాళ్లు బంతి ఎటు కొడతారో ముందే తెలిసినట్టు అక్కడ ఉండేది. కానీ రెండో సగంలో ఒక వింత జరిగింది. మా జట్టు అమ్మాయి ఒకతి బంతి అందుకోబోతోంది. ఆమె వీపు వెనక నుంచి అవతలి జట్టు అమ్మాయి వస్తోంది. మా ఇంట్లో ఉండే అమ్మాయి అది చూసింది. చూసి, అరవకుండా, తన చోటు వదిలేసి పరిగెత్తింది. తన జట్టు పిల్లను దాటి, ఆమె ముందుకు వెళ్లి, మొహంలోకి చూస్తూ చేత్తో సైగ చేసింది. ఈలోగా బంతి పోయింది. ఆమె వదిలేసిన చోటు గుండా వెళ్లి గోల్‌లో పడింది.

నా పక్కన కూర్చున్న ఒక ఆటగత్తె తల్లి నవ్వింది. "మీ అమ్మాయి చాలా మర్యాదస్తురాలు. కబురు చెప్పడానికి ఇంటికే వస్తుంది" అంది.

ఇంటికి వచ్చాక ఆ అమ్మాయి మోకాళ్ల మీద ఐస్ పెట్టుకుని వంటింట్లో కూర్చుంది.

"కోచ్ ఏమందో తెలుసా ఆంటీ? నీకు అన్నీ కనిపిస్తాయి, ఏదీ చెప్పవు, నువ్వు మ్యూట్‌లో పెట్టిన టీవీ అంది."

నాకు నవ్వొచ్చింది.

"నవ్వకండి ఆంటీ!" అని తనూ నవ్వింది. తర్వాత నవ్వు పోయింది. "సెప్టెంబర్‌లోగా మాట్లాడటం రాకపోతే కాంట్రాక్ట్ ఇవ్వదంట. ఆడటం వచ్చు, చాలదంట. మాట్లాడని డిఫెండర్ నాకొద్దు అంది."

"అంత దూరం పరిగెత్తే బదులు ఉన్నచోట నుంచే అరవచ్చుగా?"

"రాదు ఆంటీ. ముందుకెళ్లి ఫేస్ చూపిస్తే వస్తుంది. బ్యాక్ నుంచి అంటే ఇక్కడ ఆగిపోతుంది." గొంతు మీద వేలు పెట్టి చూపించింది.

ఎందుకో నేను అడగక్కర్లేకపోయింది. తనే చెప్పింది. బ్రాంప్టన్‌లో ఆమెను పెంచింది నానమ్మ. తండ్రి ఎయిర్‌పోర్టులో సరుకులు దించే పనికి సాయంత్రాలు బయల్దేరేవాడు. ఆయన గడప దాటేటప్పుడు ఇంట్లో ఎవరూ నోరు విప్పకూడదు. ఆయన తాళాలో, భోజనం డబ్బానో మర్చిపోతే ఈ పిల్ల గరాజ్ తలుపు తీసుకుని, ఇల్లు చుట్టి, మంచులో పరిగెత్తి, ఆయన ఎదురుగా వెళ్లి నిలబడాలి. అప్పుడు చెప్పాలి.

"ఒక్కసారి పిలిచా ఆంటీ. నాకు ఫైవ్ ఇయర్స్. 'నాన్నా, బాక్స్!' అని వెనక నుంచి అరిచా. నానమ్మ చెంప మీద కొట్టింది. నాన్న ఇంటికి వచ్చేవరకు నన్ను కిటికీ దగ్గరే కూర్చోబెట్టింది. చూస్తూ ఉండు, నువ్వు పిలిచావు కాబట్టి నువ్వే చూడాలి అంది. నాన్నకేం కాలేదు. నవ్వుకుంటూ వచ్చారు. కానీ అప్పటిదాకా..." అని ఆగింది.

"కాలేజీలో ఎలా ఆడావు మరి?"

"అక్కడ నా పక్కన ఒక టెక్సాస్ పిల్ల ఉండేది. అది నిద్రలో కూడా అరుస్తుంది. మా ఇద్దరి అరుపులూ అదే అరిచేసేది."

"ఇదంతా కోచ్‌కి చెప్పావా?"

"ఏమని చెప్పాలి ఆంటీ? మా నానమ్మ పర్మిషన్ ఇవ్వలేదు అనా?"

ఆ నానమ్మ పోయి చాలా ఏళ్లయిందట.

జూన్ నుంచి తనంతట తనే ఒక సాధన మొదలుపెట్టింది. సాయంత్రాలు బేస్‌మెంట్‌లో దీపాలు ఆర్పి, పాత మ్యాచ్‌లు శబ్దం లేకుండా పెట్టుకునేది. తెర మీద ఆడుతున్న వాళ్లకు వెనక నుంచి చెప్తున్నట్టు మాటలు అరిచేది. వాళ్ల మాటలు చిన్నవి. 'మ్యాన్ ఆన్' అంటే నీ వెనకే ఒకరున్నారు, జాగ్రత్త. 'టర్న్' అంటే వెనక ఎవరూ లేరు, తిరగొచ్చు. నేను ఈ రెండే నేర్చుకున్నాను, ఎక్కువగా వినిపించేవి ఇవే కాబట్టి.

మొదట్లో అవి గుసగుసల్లా ఉండేవి. పైన వంటింట్లో కూరగాయలు తరుగుతూ ఉంటే నేలకింద నుంచి ఒక ఆడగొంతు లోగొంతుకతో 'మ్యాన్ ఆన్' అనేది. చాకు ఆగిపోయేది. ఇది కింద తెర మీద బొమ్మలకు చెప్తున్న మాట అని నాకు తెలుసు. తెలిసినా వెనక్కి తిరగడానికి కొంచెం సమయం పట్టేది.

రానురాను ఒకటి గమనించాను. నేను మెట్ల దగ్గర ఆగితే 'టర్న్' అని వినిపించేది. తిరిగేదాన్ని. సింకు దగ్గర నిలబడితే 'మ్యాన్ ఆన్'. భోజనాల బల్ల వైపు వీపు పెట్టినప్పుడల్లా అదే మాట. అరగంట సేపు నోటికొచ్చినట్టు రెండు మాటలు అరుస్తూ ఉంటే కొన్ని కుదురుతాయి, కుదిరినవే మనకు గుర్తుంటాయి. ఈ సంగతి నాకు తెలుసు, పుస్తకాల్లో చదివాను కూడా. కానీ కుదరని సాయంత్రం ఒక్కటైనా గుర్తుందా అని ఇప్పుడు వెతికితే దొరకడం లేదు. బల్ల చివర కుర్చీని గోడ వైపు జరిపి చూశాను. ఆ తర్వాత కూడా అలాగే ఉంది. మళ్లీ దాని చోట పెట్టేశాను.

ఒక సాయంత్రం ఆ అమ్మాయి చెమటతో పైకి వచ్చి, ఫ్రిజ్ తెరిచి మజ్జిగ సీసా తీసుకుంటూ మామూలుగా అడిగింది.

"ఆంటీ, రోజూ ఈవెనింగ్ ఎవరు వస్తున్నారు?"

"ఎవరూ రావట్లేదే."

"పైన ఇద్దరు నడుస్తారు కదా."

"నేనొక్కదాన్నే అమ్మా."

ఆమె సీసా మూత తిప్పుతూ నా కాళ్ల వైపు చూసింది. నేను ఇంట్లో చెప్పులు వేసుకుంటాను. ఆమె మొహంలో ఎగతాళి లేదు. "మాకు కాళ్ల చప్పుడు బాగా తెలుస్తుంది ఆంటీ. వెనక ఎంతమంది వస్తున్నారో చూడకుండానే తెలియాలి. తప్పు విన్నానేమో," అని మజ్జిగ తాగేసింది.

"గాలి గొట్టాలు," అన్నాను.

"అదే అయ్యుంటుంది," అంది. ఇద్దరం వేరే సంగతులు మాట్లాడుకున్నాం.

తెర మీద బొమ్మల ముందు గొంతు వచ్చేది కానీ మైదానంలో రాలేదు. జులైలో రెండు మ్యాచ్‌ల్లో మళ్లీ అదే తప్పు చేసింది, మనుషులు ఉన్నచోటికి పరిగెత్తి. రెండో దానికి కోచ్ ఆమెను మధ్యలోనే బయటకు పిలిచేసింది. ఆ సాయంత్రం కింద ఏ చప్పుడూ లేదు. నేను దిగి చూస్తే చీకట్లో మంచం మీద పడుకుని ఉంది.

"నాన్నకి ఫోన్ చేశా ఆంటీ. బ్యాంక్ వాళ్లు ఇంకా అడుగుతున్నారంట."

నేను ఓదార్చలేను, నాకు ఆ మాటలు రావు. పైకి వెళ్లి నడక బూట్లు వేసుకుని వచ్చాను. ఆయన పోయాక ఆ పాత రైలు దారిలోకి నేను అడుగు పెట్టలేదు.

"లే. బయటకు వెళ్దాం. నాకొక సాయం చెయ్యాలి," అన్నాను.

ఆ దారిలో సైకిళ్లవాళ్లు నడిచేవాళ్లను దాటేటప్పుడు వెనక నుంచి 'ఆన్ యువర్ లెఫ్ట్' అని కేకేస్తారు. నీ ఎడమ పక్క నుంచి వస్తున్నాను అని. ముక్కూ మొహం తెలియనివాళ్లను, వీపు వెనక నుంచి, పొద్దంతా. ఈ దేశానికి మొదటిసారి వచ్చినప్పుడు నేను ప్రతి కేకకూ ఉలిక్కిపడేదాన్ని. ఇదంతా ఆమెకు చెప్పాను.

"ఇన్నిసార్లు పిలుస్తారు. ఎవరికైనా ఏమైనా అయిందా?" అన్నాను. అని, వెంటనే ఎందుకన్నానా అనుకున్నాను. ఆమెకు ఆయన ఎలా పోయారో తెలుసు కానీ ఎక్కడో తెలియదు.

ఏర్పాటు ఇది: నేను ముందు నడుస్తాను, తల తిప్పను. ఆమె వెనక బాగా దూరంలో నడుస్తుంది. నా వెనక నుంచి సైకిలు వస్తే ఆమే అరవాలి. నా పక్కకు పరిగెత్తి రాకూడదు. అరవకపోతే సైకిలు నన్ను గుద్దుతుంది.

"ఆంటీ, ఇది డేంజర్."

"అవును. అందుకే అరవాలి."

మొదటి సైకిలుకు ఆమె పరిగెత్తుకుంటూ నా ముందుకు వచ్చింది. ఆ సైకిలు మనిషి మా ఇద్దరినీ తిట్టుకుంటూ పోయాడు. రెండోదానికీ అంతే. నేను నడుస్తూనే ఉన్నాను. కీచురాళ్లు అరుస్తున్నాయి. వెలుతురు చెట్ల పైకి వెళ్లిపోయింది, దారి మీద నీడ. బెంచీ వచ్చింది. నేను దాన్ని చూడకుండా దాటాను. దాటి కొంచెం దూరం వెళ్లానో లేదో వెనక నుంచి గొంతు వచ్చింది.

"మ్యాన్ ఆన్! ఆంటీ! మ్యాన్ ఆన్, లెఫ్ట్, లెఫ్ట్!"

గుసగుస కాదు. చెట్లలో పక్షులు లేచిపోయాయి. నేను కుడి పక్కకు జరిగి, గడ్డిలో నిలబడి, సైకిలు దాటిపోవడం కోసం చూశాను.

ఏదీ దాటలేదు. గాలి కూడా లేదు. తిరిగాను. దారి బెంచీ దాకా, ఆ వెనక చివరి మలుపు దాకా ఖాళీగా ఉంది. ఆ అమ్మాయి ఉన్నచోటే ఉంది. చెయ్యి ఇంకా నా వైపు చాపి ఉంది.

దగ్గరకు వెళ్లాను. "ఎవరమ్మా?"

"ఎవరో నడిచి వస్తున్నారు అనుకున్నా."

"అనుకున్నావా?"

"వస్తున్నారు ఆంటీ. మీ వెనకే. మీరు పక్కకి జరిగారు, వాళ్లు ముందుకి వెళ్లిపోయారు." ముందుకు చూపించింది. ముందు కూడా దారి ఖాళీగానే ఉంది.

అడిగితే చెప్పేది. పొడుగో పొట్టో, నడక ఎలా ఉందో, చూడటంలో ఆ పిల్లది అందెవేసిన చెయ్యి. నేను చొక్కా రంగు అడగలేదు. "సరే, గొంతు వచ్చింది కదా. నడువు," అన్నాను. నడిచాం. తర్వాత వచ్చిన ప్రతి సైకిలుకూ ఆమె అరిచింది. అవన్నీ నిజం సైకిళ్లే, నా పక్క నుంచి గాలి కొడుతూ వెళ్లాయి.

ఆగస్టంతా అదే దారిలో నడిచాం. మళ్లీ అలాంటిది జరగలేదు. మైదానంలో ఆమె గొంతు కొద్దికొద్దిగా తెరుచుకుంది. కానీ ఒక మ్యాచ్ మొత్తం అరవలేదు. అలసిపోయినప్పుడు, ఆట బిగిసినప్పుడు పాత అలవాటు వచ్చి కాళ్లు ముందుకు లాగేవి. కోచ్ ఇంకా ఏమీ తేల్చలేదు. చివరి ట్రయల్ మ్యాచ్ చూసి నిర్ణయిస్తాను అంది.

సెప్టెంబర్‌లో ఆ మ్యాచ్ రోజు మధ్యాహ్నం వాన పడి ఆగింది. సాయంత్రానికి మైదానం నుంచి పొగమంచు లేచింది. మొదట మోకాళ్ల ఎత్తు, తర్వాత మనిషెత్తు. ఆట ఆపేస్తారేమో అనుకున్నాం. రెఫరీ మధ్యలో నిలబడి రెండు గోల్‌పోస్టులూ లీలగా కనిపిస్తున్నాయని కొనసాగించాడు. మాకు చెక్క మెట్ల మీద నుంచి మనుషులు సగం సగమే కనిపించారు. అప్పుడప్పుడు ఒక కాలు, ఒక తెల్ల చొక్కా, బంతి. మిగిలిందంతా శబ్దం.

ఆ శబ్దంలో ఎక్కువ భాగం మా అమ్మాయిదే. 'టర్న్.' 'మ్యాన్ ఆన్.' జట్టు పిల్లల పేర్లు. ఆమె అరిస్తే పొగమంచులో కాళ్లు ఆ వైపు కదిలేవి. చూపు లేనివాళ్లను ఒకరు నడిపిస్తున్నట్టు ఉంది. మేలో నవ్విన ఆవిడే మళ్లీ నా పక్కన కూర్చుంది. "మీ అమ్మాయి ఇప్పుడు కబుర్లు ఇంటికి తీసుకెళ్లడం మానేసింది" అంది. మా జట్టు ఒక గోల్ ముందుంది.

ఆట చివర్లో ఆమె గొంతు ఆగిపోయింది.

నేను లేచి నిలబడ్డాను. పొగమంచు మా వైపు దట్టంగా ఉంది. అవతలి జట్టు పరిగెడుతున్న చప్పుడు మాత్రం గోల్ వైపు పోతోంది. పరిగెత్తి ముందుకు పోయిందేమో, చోటు వదిలేసిందేమో అనుకున్నాను. బ్రాంప్టన్ బ్యాంకు గుర్తొచ్చింది. తర్వాత బంతిని బలంగా తన్నిన చప్పుడు, అది మైదానం బయట కంచెకు తగిలిన చప్పుడు, వెంటనే ఆమె గొంతు: "ముందుకి! అందరూ ముందుకి!" ఇంగ్లీషులో. రెఫరీ ఈల ఊదాడు. గెలిచారు.

పార్కింగ్‌లో కారు దగ్గర చాలాసేపు ఎదురుచూశాను. ఆమె తడి జుట్టుతో, బ్యాగు ఈడ్చుకుంటూ వచ్చింది. వస్తూనే నన్ను పట్టుకుంది. వీపు మీద ఆమె పిడికిళ్లు తెలిశాయి.

"ఇచ్చింది ఆంటీ. రెండు సీజన్లు."

కారు తనే నడిపింది. రోడ్డు మీద కూడా పొగమంచు ఉంది, నెమ్మదిగా పోయాం. నాన్నకు ఫోన్ చేసి చెప్పింది. ఆయన "బ్యాంకు వాళ్లకి ఏం చెప్పమంటావే" అన్నాడు, ఏడుస్తున్నాడని తెలిసింది. ఫోన్ పెట్టేశాక తను నా వైపు తిరిగింది.

"థాంక్స్ ఆంటీ. మీరు అరవకపోతే అయిపోయేది."

"నేనెప్పుడు అరిచాను?"

"లాస్ట్‌లో. నాకు ఏమీ కనిపించలేదు. వాళ్లు ఇద్దరు వస్తున్నారు, కుడి వైపు అనుకున్నా, అటు వెళ్లిపోతున్నా. వెనక నుంచి మీరు 'ఎడమ' అన్నారు. తెలుగులో. నేను ఎడమకి వెళ్లా, బాల్ అక్కడే ఉంది."

ఆమె వెనక గోల్‌కీపర్ తప్ప ఎవరూ ఉండరు. గోల్‌కీపర్ ఒహాయో అమ్మాయి. మేము కూర్చున్న మెట్లు మైదానానికి అవతలి పక్కన, ఆమెకు ఎదురుగా ఉన్నాయి.

అబద్ధం చెబితే ఆ సాయంత్రం అంతటితో అయిపోయేది. కానీ ఆమె వినికిడి మీద ఆమె బతుకు నడవబోతోంది. తప్పు చెప్పకూడదనిపించింది.

"నేను నోరు తెరవలేదమ్మా," అన్నాను.

ఆమె అద్దంలోకి చూసింది. వెనక సీటులో ఆమె బ్యాగు ఉంది. మళ్లీ రోడ్డు వైపు చూసింది. "గొంతు చిన్నగా ఉంది," అంది. "మ్యాచ్‌లో అరిచినట్టు లేదు. ఇంట్లో చెప్పినట్టు చెప్పారు. తెలుగు కాబట్టి మీరే అనుకున్నా." తర్వాత మా ఇంటి మలుపు వచ్చింది. ఇండికేటర్ వేసి తిరిగింది.

రెండు సీజన్లూ ఆమె మా ఇంట్లోనే ఉంది. ఆ తర్వాత పడమటి తీరంలో ఒక పెద్ద జట్టు ఆమెను తీసుకుంది. పోయిన చలికాలం కెనడా జాతీయ జట్టు శిబిరానికి పిలుపు వచ్చింది. వాళ్ల నాన్న ఆ కబురు నాకు ఫోన్ చేసి, వాళ్లావిడతో పాటు ఒకేసారి మాట్లాడుతూ చెప్పాడు. ఇప్పుడు వార్తల్లో ఆమె గురించి రాసేవాళ్లు మొదట రాసేది ఆమె గొంతు గురించే. వెనక నుంచి జట్టునంతా నడిపిస్తుందట.

ఆమె వెళ్లాక పైన నడిచేది నేనొక్కదాన్నేనా అని వినే మనిషి లేదు. నేను వినడానికి ప్రయత్నించాను. నాకు నా చెప్పులే వినిపిస్తాయి.

కెనడా తరఫున ఆమె ఆడిన మొదటి మ్యాచ్ ల్యాప్‌టాప్‌లో చూశాను. అప్పుడే చూశాను ఆ చెయ్యి. బంతి అవతలి సగంలో ఉన్నప్పుడు, ఆమె చుట్టూ ఎవరూ లేనప్పుడు, ఎడమ చెయ్యి కొంచెం వెనక్కి పెట్టి ఉంచుతోంది. అరచెయ్యి తెరిచి. వ్యాఖ్యాత కూడా అది పట్టుకున్నాడు. ప్రత్యర్థి ఎక్కడున్నారో తడిమి తెలుసుకునే పద్ధతి అన్నాడు. అప్పుడు ఆమె దగ్గర్లో ప్రత్యర్థి ఎవరూ లేరు.

తర్వాతి రోజు ఆమె వీడియో కాల్ చేసినప్పుడు అడిగాను.

"ఆ ఎడమ చెయ్యి ఏంటమ్మా, ఎప్పుడూ వెనక్కి పెడతావు?"

"ఏ చెయ్యి ఆంటీ?"

చెప్పాను. తన ఫోన్‌లో మ్యాచ్ పెట్టుకుని చూసింది. చూసేటప్పుడు ఆమె మొహం మా వంటింట్లో నా కాళ్ల వైపు చూసినప్పటిలాగే ఉంది.

"నాకు తెలీదు ఆంటీ. నేను పెడుతున్నట్టే తెలీదు. మానెయ్యాలా?"

"కోచ్ ఏమైనా అందా?"

"లేదు. బాగా ఆడావు అంది."

"అయితే ఉండనీ."

వారం తర్వాత ఇంకో మ్యాచ్ వచ్చింది. ఆమె ఆట మొదలైన దగ్గర నుంచి అరుస్తూనే ఉంది, మైకుల్లో స్పష్టంగా వినిపించింది. చెయ్యి వెనక్కే ఉంది. ఈసారి తెరిచి లేదు. పిల్లలు రోడ్డు దాటేటప్పుడు పెద్దవాళ్ల వేలు పట్టుకున్నట్టు, వేళ్లు మూసుకుని ఉన్నాయి.